ట్రాక్ మీద రెండో టేకు లేదు!

తెర మీద హీరో కారెక్కి తాళం తిప్పాడంటే చాలు, హాల్లో ఈలలు మొదలు. గేరు మారిస్తే క్లోజప్, బ్రేకు తొక్కితే క్లోజప్, టైర్ల కింద పొగ లేచిందా... ఇక చెప్పనే అక్కర్లేదు! ఆట వదిలాక చూడండి. బయటికొచ్చిన కుర్రకారులో సగం మంది బండి తీసే తీరే మారిపోయి ఉంటుంది. పార్కింగు నుంచి మెయిన్ రోడ్డెక్కేలోగా ప్రతివాడూ ఓ హీరోయే.

ఆ హుషారు తప్పని నేననను. స్పీడంటే మోజు లేని కుర్రతనం ఏం కుర్రతనం? కాకపోతే ఆ మోజు తీర్చుకోవడానికి హైదరాబాదు ఔటర్ రింగురోడ్డో, విశాఖ బీచిరోడ్డో చోటు కాదు. అక్కడ పక్కకి ఆపిన లారీ ఉంటుంది. మన జోరుతో ఏ సంబంధమూ లేని ఎవరి కుటుంబమో ఎదురుగా ఉంటుంది. చట్టం కూడా ఊరుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా రోడ్డు మీద పందాలు వేస్తే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

"మరి ఎక్కడికి పొమ్మంటారు సార్?" అంటారా? ట్రాక్‌కి పొమ్మంటాను. కొన్నేళ్ళుగా నేనూ అక్కడికే పోతున్నాను, కొత్తవాళ్ళని వెంటబెట్టుకుని మరీ పోతున్నాను. మొదటిసారి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలూ, అడగకుండా వదిలేసే ప్రశ్నలూ నాకు కంఠతా వచ్చేశాయి. నిజానికి కారుకీ మనిషికీ చేటు తెచ్చేవి ఆ అడగని ప్రశ్నలే. అందుకే ఈ నాలుగు మాటలు.

పందెం కాదు, ప్రాక్టీసు

ట్రాక్ డే అంటే రేసనుకునేవాళ్ళు చాలామంది. కాదు. ఇక్కడ కప్పులుండవు, దండలుండవు, ఫస్టు సెకండు అసలే ఉండవు. నిర్వాహకులు సర్క్యూట్‌ని ఒక రోజుకి అద్దెకు తీసుకుంటారు. మామూలు మనుషులు రుసుము కట్టి, తమ సొంత కార్లే తెచ్చుకుని నడుపుతారు. అనుభవాన్ని బట్టి గ్రూపులు చేస్తారు. కొత్తవాళ్ళు ఒకటి, కాస్త తిరిగినవాళ్ళు ఒకటి, చేయి తిరిగినవాళ్ళు ఇంకొకటి. గ్రూపుకి పదిహేను, ఇరవై నిమిషాల చొప్పున సెషన్లు. ఎదురొచ్చే బండి ఉండదు, గేదె అడ్డం రాదు, స్పీడు బ్రేకరుండదు. జారితే పోవడానికి పక్కన ఖాళీ జాగా, ఏమన్నా అయితే సిద్ధంగా అంబులెన్సు... రోడ్డుకీ దీనికీ ఉన్న తేడా అదే.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990లో మొదలైంది. చుట్టు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. బెంగుళూరు హైవే మీద, శ్రీపెరుంబుదూరుకి దగ్గర్లో ఉంటుంది. తిరుపతి కుర్రాడికి హైదరాబాదు కన్నా ఇదే చాలా దగ్గర! కోయంబత్తూరు శివార్లలో చెట్టిపాళయం దగ్గరున్న కరి మోటార్ స్పీడ్‌వే ఇంకా చిన్నది, రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఐదు కిలోమీటర్ల పైమాట. 2011, 2012, 2013లలో ఫార్ములా వన్ రేసులు జరిగింది అక్కడే. ఆ మూడేళ్ళూ గెలిచింది ఒక్కడే, జర్మనీ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్.

తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్న రోజుల్లో ఇవేవీ లేవు. నెల్లూరు వచ్చే దారిలో షోలవరం దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటుండేది. మద్రాసు కార్ల రేసులు దశాబ్దాల తరబడి ఆ పాత రన్‌వే మీదే జరిగాయి. ఈనాటి కుర్రకారు ఆ మాటకొస్తే అదృష్టవంతులు.

కెమెరా చేసే గారడీ

ట్రాక్‌కి వచ్చే కొత్తవాళ్ళలో చాలామందికి గురువు సినిమాయే. కాబట్టి ముందు ఆ గురువుగారి సంగతి చూద్దాం.

సినిమా ఆడేది సెకనుకి 24 ఫ్రేముల మీద. ఛేజింగు తీసేటప్పుడు కెమెరాని 18 ఫ్రేములకి తగ్గించి తీశారనుకోండి. దాన్ని మళ్ళీ 24 మీద ఆడిస్తే, 60లో పోయిన కారు 80లో పోయినట్టు కనిపిస్తుంది! క్లోజప్‌లో హీరో, అసలు మలుపులో డూపు. షాటు కుదరకపోతే ఇంకో టేకు.

1968లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'బులిట్'లో స్టీవ్ మెక్వీన్ కారు ఒక మలుపు దాటిపోయి, టైర్లు పొగలు కక్కుతుండగా రివర్సులో వెనక్కొస్తుంది. అది నిజంగానే మలుపు తప్పిన షాటు. బాగుందని సినిమాలో ఉంచేశారు. తెర మీద తప్పు కూడా స్టైలే! ట్రాక్ మీద అదే తప్పుకి బంపరు ఊడుతుంది.

ఇంకో హాలీవుడ్ హీరో సంగతి వినండి. పాల్ న్యూమన్ 1969 నాటి 'విన్నింగ్' చిత్రం కోసం బాబ్ బాండురాంట్ దగ్గర రేసు డ్రైవింగు నేర్చుకున్నాడు. అంత పెద్ద స్టారూ విద్యార్థిలా కూర్చున్నాడు. పదేళ్ళ తర్వాత, 1979లో, 54 ఏళ్ళ వయసులో, ఫ్రాన్సులోని లమాన్ 24 గంటల రేసులో ఆయన జట్టు రెండో స్థానంలో నిలిచింది. పదేళ్ళు పట్టింది, గమనించండి!

మన సికింద్రాబాదులో పుట్టిన అజిత్‌నే తీసుకోండి. 1993లో 'ప్రేమ పుస్తకం'తో తెలుగు తెరకొచ్చి, తర్వాత తమిళంలో పెద్ద హీరో అయినాయన. 2010లో ఫార్ములా టూ రేసుల్లో పోటీ చేశారు. 2025 జనవరిలో దుబాయ్‌లో ప్రాక్టీసు చేస్తుండగా కారు గోడకి కొట్టుకుంది. మనిషి క్షేమంగా దిగి నడిచొచ్చారు. ఆ తర్వాత అదే చోట 24 గంటల రేసులో ఆయన జట్టు తన క్లాసులో మూడోదిగా నిలిచింది. అందరూ ఆ మూడో స్థానం గురించి మాట్లాడారు. నేను మాత్రం మా కొత్తవాళ్ళకి ఆ నడిచిరావడం గురించే చెబుతాను. అది రేసు కారు. లోపల ఇనుప గొట్టాల పంజరం, మనిషిని సీటుకి కట్టేసే పట్టీల బెల్టు, మెడకి ఆసరా ఉంటాయి. మీరు తెచ్చే ఇంటి కారులో అవేవీ లేవు. ఆయన తట్టుకున్న దెబ్బని మీ కారు తట్టుకోలేదు.

ముందు షెడ్డుకి పదండి

"కారుకి ఎక్కువ పవరుంటేనే ట్రాక్‌కి రావాలా?" అనడుగుతారు. అక్కర్లేదు. చిన్న కారే మంచి పంతులు. కావలసింది పవరు కాదు, బ్రేకులు.

ఓ లెక్క చెబుతాను. 1,200 కిలోల కారు 140 స్పీడు నుంచి 60కి దిగిందంటే, ఆ పోయిన వేగమంతా వేడిగా మారుతుంది. ఆ వేడితో రెండున్నర లీటర్ల నీళ్ళు సలసలా మరిగించవచ్చు. ఒక్కసారి బ్రేకు తొక్కితేనే ఇంత! రౌండుకి నాలుగైదుసార్లు, సెషనుకి ఆరేడు రౌండ్లు... లెక్క మీరే వేసుకోండి. ఆ వేడి ప్యాడ్ల నుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. బ్రేక్ ఆయిల్‌కి గాల్లోని తేమని పీల్చుకునే గుణముంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన పాత ఆయిల్ 155 దగ్గరే మరిగిపోవచ్చు. మరిగితే బుడగలు. బుడగలుంటే పెడల్ నేలకి అంటుతుంది గానీ కారు ఆగదు. అందుకని ట్రాక్‌కి ముందు కొత్త బ్రేక్ ఆయిల్ పోయించండి. ప్యాడ్లు సగానికి మించి అరిగి ఉంటే మార్చేయండి.

తర్వాత టైర్లు. పక్కల పగుళ్ళు, ఉబ్బు ఉన్న టైరుతో రానేకూడదు. గాలి కంపెనీ చెప్పినంత కొట్టించండి. సెషను అయ్యాక వేడికి అది నాలుగైదు పాయింట్లు పెరుగుతుంది. మళ్ళీ కొలిచి, ఎక్కువైనది తీసేయాలి. సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు మళ్ళీ కొట్టించాలి. ఇది మాత్రం అందరూ మరిచిపోతారు! వీల్ నట్లు సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో పొద్దున్నా, మధ్యాహ్నమూ చూడండి. ఇంజన్ ఆయిల్, కూలెంటు సరేసరి. పెట్రోలు సగం ట్యాంకుకి తగ్గకూడదు. ట్రాక్ మీద కారు తాగే తాగుడు వేరు.

ఇక కారు ఖాళీ చేయండి. మ్యాట్లు, జాకీ, స్టెప్నీ, సెంటు సీసా, ముఖ్యంగా నీళ్ళ బాటిల్. అది దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుందంటే అంతే. డాష్‌బోర్డు మీది వినాయకుడికి దణ్ణం పెట్టుకుని, ఆయన్ని కూడా జాగ్రత్తగా బ్యాగులో పెట్టండి. ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయలూ అంతే.

మేకప్, కాస్ట్యూమ్స్

చెప్పులు పనికిరావు. పలచని అట్ట ఉన్న బూట్లు వేసుకోండి, పెడల్ కాలికి తెలియాలి. పొడుగు చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు. సిల్కులాంటి మెరుపు చొక్కాలు ఫోటోకి బాగుంటాయి గానీ నిప్పు తగిలితే ఒంటికి అంటుకుపోతాయి. మొహమంతా కప్పే హెల్మెట్ తప్పనిసరి. ఏ రకం ఒప్పుకుంటారో నిర్వాహకుల్ని ముందే అడగండి.

హీరోలు వెనక్కి వాలి ఒంటిచేత్తో నడుపుతారు చూశారూ, అది మరిచిపోండి. భుజాలు సీటుకి ఆనుతూనే మణికట్టు స్టీరింగు పైఅంచుకి తగలాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగి ఉండాలి. చేతులు గడియారంలో తొమ్మిది, మూడు అంకెలున్న చోట.

పొద్దున నిర్వాహకులు పెట్టే బ్రీఫింగు క్లాసుకి ఆలస్యంగా రాకండి. అది వినని వాణ్ణి లోపలికి వదలరు, వదలకూడదు కూడా. జెండాల భాష అక్కడే చెబుతారు. పచ్చది: దారి బాగుంది. పసుపు: ముందు ఆపద, నెమ్మదించు, ఎవరినీ దాటకు. పసుపు మీద ఎర్ర చారలు: నేల జారుతోంది. ఎరుపు: సెషను ఆపేశాం, నెమ్మదిగా పిట్స్‌కి రా. నీలం: వెనక వేగంగా వచ్చేవాడున్నాడు. నలుపు: నిన్నే బాబూ, పిట్స్‌లోకి రా. నలుపూ తెలుపూ గళ్ళది: సెషను అయిపోయింది. ట్రాక్ మీద డైరెక్టర్లు ఆ జెండా పట్టిన మార్షల్సే. వాళ్ళు 'కట్' అంటే కట్!

దాటడానికీ పద్ధతుంది. కొత్తవాళ్ళ గ్రూపులో తిన్నటి దారిలోనే, అదీ ముందున్నవాడు చేత్తో ఎటు నుంచి పోవాలో చూపిస్తేనే దాటాలి. మీ అద్దంలో ఎవరైనా దగ్గరయ్యారా... చెయ్యి చూపించి పంపేయండి. అది ఓటమి కాదు. పోనిచ్చాక వాళ్ళ వెనకాలే పోతే పాఠం ఉచితం!

పదహారణాల లెక్క

డ్రైవింగు విషయానికొద్దాం. నేను కొత్తవాళ్ళకి చెప్పేది ఒక్క లెక్కే. టైరు దగ్గరున్న పట్టు పదహారణాలు. అణాలు తెలియని తరానికి... రూపాయికి పదహారు. ఆ పదహారూ బ్రేకు మీద పెట్టేశారా, తిప్పడానికి అణా మిగలదు. స్టీరింగు తిప్పినా కారు తిన్నగానే పోతుంది. పన్నెండు తిప్పడానికి పెట్టారా, యాక్సిలేటరుకి మిగిలింది నాలుగే. మీ కారు ఎంత ఖరీదైనదైనా ఈ జమాఖర్చు మారదు.

అందుకే వరస ఇది. కారు తిన్నగా ఉండగానే గట్టిగా బ్రేకు. తర్వాత పెడల్ మెల్లగా వదులుతూ తిప్పడం. మలుపు లోపలి అంచు దాటి, స్టీరింగు సర్దుకుంటున్న కొద్దీ యాక్సిలేటరు. బయటి అంచు నుంచి లోపలి అంచుకి, మళ్ళీ బయటి అంచుకి... అలా గీత గీసినట్టు పోతే మలుపు వంపు తగ్గుతుంది. మొదటి రోజు లోపలి అంచుని కాస్త ఆలస్యంగా తాకండి. బయటికొచ్చేటప్పుడు జాగా మిగులుతుంది.

కళ్ళు బానెట్ ముందు కాదు, పోబోయే చోట ఉండాలి. మలుపు మధ్యలో భయపడి కాలు ఒక్కసారిగా ఎత్తేయకండి. బరువంతా ముందుకి తూగి వెనక చక్రాలు జారతాయి. రెండు చక్రాలు మట్టిలోకి దిగాయా... టక్కున లోపలికి లాగకండి. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గాక మెల్లగా ఎక్కించండి. తిరగడమే మొదలైతే క్లచ్చి, బ్రేకు రెండూ తొక్కి పట్టండి. కారులో ఈ.ఎస్.పి. ఉంటే దాన్ని ఆపేయమని చెప్పే మిత్రుడి మాట వినకండి.

మొదటి రౌండు నెమ్మదిగా పోండి, చల్లటి టైర్లకి పట్టుండదు. చివరి రౌండూ నెమ్మదిగానే, బ్రేకులు చల్లారాలి. పిట్స్‌కొచ్చాక హ్యాండ్ బ్రేకు వేయకండి, కాలిన ప్యాడ్లు డిస్కుకి అంటుకుంటాయి. గేరులో పెట్టి చక్రానికి అడ్డుచెక్క పెట్టండి. పక్క సీట్లో నేర్పే మనిషిని కూర్చోబెట్టుకునే వీలుంటే వదులుకోకండి.

మెత్తబడిన పెడల్

ఒకసారి మాతో ఒక గుంటూరు కుర్రాడొచ్చాడు. కారు వాళ్ళ నాన్నది, బాకీ ఇంకా మూడేళ్ళుంది. పొద్దున సెషన్లలో భలే నడిపాడు. మధ్యాహ్నం మూడో సెషను మధ్యలో తనంతట తనే పిట్స్‌లోకొచ్చేశాడు.

"అన్నా, పెడల్ మెత్తగా దిగుతోంది. ఇంకో రెండు రౌండ్లేగా, చూసుకుని నడపనా?"

"బ్రేక్ ఆయిల్ మార్పించావా తమ్ముడూ?"

"సర్వీసులో చూసే ఉంటార్లే అనుకున్నా..."

"ఇవాళ్టికి నీ సినిమా అయిపోయింది. దిగు."

మొహం చిన్నబుచ్చుకున్నాడు. వాడి పక్కనే వచ్చిన స్నేహితులు ఇంకా తిరుగుతున్నారు మరి! ఓ గంట నా మీద అలిగాడు కూడా. చల్లారాక చూస్తే ఆయిల్ నల్లగా, కాఫీ డికాషన్‌లా ఉంది. మెయిన్ స్ట్రెయిట్ చివర ఆ పెడల్ నేలకంటి ఉంటే ఏమయ్యేదో వాడికి విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ రోజు ట్రాక్ మీద అందరికన్నా తెలివిగా నడిపింది ఎవరంటే నేను వాడి పేరే చెబుతాను. మెత్తబడ్డ పెడల్‌ని గమనించాడు, లోపలికొచ్చాడు. రెండు నెలల తర్వాత కొత్త ఆయిల్‌తో మళ్ళీ వచ్చి, రోజంతా నడిపి, అదే కారుని నాన్నకి భద్రంగా అప్పజెప్పాడు.

ఆ బాకీ మాటెత్తాను గనక ఇంకో మాట. మీ ఇన్సూరెన్సు పాలసీలో చిన్నక్షరాలు చదవండి. వ్యవస్థీకృత రేసులు, వేగ పరీక్షలు వంటి వాటికి వర్తించదని మామూలుగా రాసే ఉంటుంది. 'ఇది రేసు కాదు కదా' అని వాదించే బదులు, ముందే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ట్రాక్ మీద పోయిన బంపరు మన జేబులోంచే పోయిందనుకుని నడపడం మేలు. రుసుము ఒక్కటే ఖర్చనుకోకండి; టైర్లు, ప్యాడ్లు, పెట్రోలు అన్నీ లెక్కలోవే. బ్రేకు వేడెక్కితే రేపు మార్చుకోవచ్చు. మనిషికి విడిభాగాలు దొరకవు.

సాయంత్రం సంగతి

నేను చూసినంతలో తప్పులన్నీ మధ్యాహ్నం మూడు దాటాకే. ఎండలో హెల్మెట్ పెట్టుకుని, ఏసీ ఆపేసి నడిపితే ఒళ్ళు తెలియకుండానే అలిసిపోతుంది. మజ్జిగ తాగండి, ఉప్పూ నిమ్మకాయా కలిపిన నీళ్ళు తాగండి, తేలిగ్గా తినండి. 'ఇదే ఆఖరి సెషను, ఒక చూపు చూద్దాం' అనిపించిందా... అదే ఆపేయాల్సిన సమయం. స్టాప్‌వాచీ మొదటి రోజు ఇంట్లోనే ఉండనివ్వండి.

అన్నీ అయ్యాక గేటు దాటేముందు ఓ అరగంట ఊరికే కూర్చోండి. ఎందుకంటారా? పొద్దుట్నుంచీ 140లో పోయిన కంటికి హైవే మీద 80 నత్తనడకలా అనిపిస్తుంది. కాలు దానంతటదే కిందికి పోతుంది. ఆ హైవే మీద మార్షల్స్ లేరు, పచ్చ జెండా లేదు, ఎదురొచ్చేవాడికి మీరు చేయి చూపించే వీలు లేదు. ట్రాక్‌కి రెండుమూడుసార్లు వచ్చిన కుర్రాళ్ళు రోడ్డు మీద నిదానంగా నడపడం నేను కళ్ళారా చూశాను. కారు ఎక్కడ జారుతుందో, ఆగడానికి ఎంత జాగా కావాలో వాళ్ళకి ఒంటికి తెలుసు. తెలిసినవాడికి భయం కాదు, గౌరవం ఉంటుంది.

కాబట్టి వెళ్ళండి. తప్పకుండా వెళ్ళండి. సాయంత్రం ఎవరన్నా "ఎంత స్పీడులో పోయావురా?" అనడిగితే నవ్వి ఊరుకోండి. "కారు గీత పడకుండా తెచ్చావా?" అని అమ్మ అడిగినప్పుడు తాళం ఆవిడ చేతిలో పెట్టండి. మొదటి రోజుకి అంతకు మించిన కప్పు లేదు!